లాంతరు దండులో దొంగ

ఏటా ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలవ మీద లస్కరుకు పెద్దగా పనుండదు. అందుకే డెబ్భై నాలుగు వేసవిలో మా నాన్న కంటి ఆపరేషనుకు ఎట్టకేలకు ఒప్పుకుని, బస్సెక్కి బెజవాడలో మా ఇంటికి వచ్చాడు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు తనను పంపించెయ్యాలని షరతు పెట్టాడు. ఆయన లేకపోతే కృష్ణమ్మ దారి తప్పిపోతుందేమో అని మా ఆయన జాన్‌బాబు ఆటపట్టించాడు.

లస్కరంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కాలవ గట్టు వెంట తిరిగి, తూము తలుపులు ఎత్తుతూ దించుతూ, ఎక్కడ గట్టు బలహీనపడుతోందో చూసుకునే మనిషి. ఉయ్యూరుకు అవతల బందరు కాలవ మీద మా ఊరి లాకుల దగ్గర, నీళ్ళు ఆపి వదిలే చోట, నాన్నది ఆ పని. నా చిన్నప్పుడే అమ్మ పోతే, ఆ లాకుల పక్క గుడిసెలోనే నన్ను పెంచాడు, మిషన్ బడికి పంపాడు, టీచరును చేశాడు. ఆయనకు మాత్రం చదువు రాదు. ఏసుపాదం అని పేరు రాయవలసిన చోట వేలిముద్రే.

రిక్షా దిగినప్పుడు ఒక చేతిలో తాటిముంజలు, ఇంకో చేతిలో తువ్వాలు మూట ఉన్నాయి. మూట మా అమ్మాయి కరుణ చేతికిచ్చాడు. విప్పితే ఎండిన వేపాకు రాలింది, దాని కింద నా పుస్తకాలు. "లాంతరు దండు" అని పిల్లల అపరాధ పరిశోధన కథలు. నా పదేళ్ళ వయసులో నేను అన్నం కూడా మరిచి చదివినవి.

"నీయే. చెదలు పట్టకుండా వేపాకేసి ఉంచా. పాపకి పనికొస్తయ్యని," అన్నాడు.

ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. కాలవల సెక్షను ఆఫీసు పని మీద బెజవాడ వచ్చినప్పుడల్లా ఆయన ఒకటి కొనుక్కొచ్చేవాడు. పేరు చదవడం రాదు కనుక, లాంతరు బొమ్మ ఉన్నది ఇమ్మని అడిగేవాడట. గిరి, వాసంతి, చిట్టి అని ముగ్గురు పిల్లలు. ఊళ్ళో ఏదో ఒకటి పోతుంది. పెద్దవాళ్ళు తలలు పట్టుకుంటారు. పిల్లలు లాంతరు వెలిగించుకుని బయలుదేరి దొంగను పట్టి, గుంజకు కట్టేసి, లాంతరు ఎత్తి మొహం చూస్తారు. చివరి పేజీలో ఎప్పుడూ ఆ బొమ్మే. కరుణ కంటే ముందు నేనే ఒక పుస్తకం తీసి వాసన చూశాను.

ఆ రోజుల్లో శుక్లం తీశాక మనిషిని కదలనిచ్చేవారు కాదు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. వార్డు నిండా అలాంటి వాళ్ళే. పక్క మంచం మీద గన్నవరం వైపు రైతు రత్తయ్యగారు. నవ్వకూడదన్నారు గానీ మాట్లాడకూడదని ఎవరూ అనలేదు కాబట్టి ఆయన తెల్లవారింది మొదలు మాట్లాడుతూనే ఉండేవాడు.

నాకు సెలవులు. మధ్యాహ్నాలు నాన్న దగ్గర కూర్చునేదాన్ని. రెండో రోజున ఆయనే అడిగాడు, ఆ పుస్తకాల్లో ఒకటి చదవమని. చిన్నప్పుడు నేను వాటిని చదువుకుంటూ నాలో నేనే నవ్వుకునేదాన్నట. అందులో ఏముందో ఆయనకు ఎన్నడూ చెప్పలేదట. నిజమే, చెప్పలేదు. తెలుసుకోవాలని ఆయనకు ఉంటుందని నాకు తోచలేదు.

మర్నాడు మొదటి పుస్తకం పట్టుకెళ్ళాను. దొరగారింట్లో వెండిచెంబు పోయిన కథ. చదవడం మొదలుపెట్టగానే వార్డంతా సద్దుమణిగింది. అనుమానం ముగ్గురి మీద. రైల్లో వచ్చిన పినమామ, అరుగు మీద పడుకున్న సన్యాసి, కాలవ గట్టు మీద గుడిసెలో ఉండే ఇశ్రాయేలు. నేనింకా రెండో అధ్యాయంలోనే ఉన్నాను, రత్తయ్యగారు తేల్చేశారు.

"ఆ గట్టు మీద గుడిసెవోడేనమ్మా. రాసిపెట్టుకో."

చివరికి ఇశ్రాయేలే. చెంబు వాడి గడ్డివాములో దొరికింది. వార్డులో అందరూ రత్తయ్యగారి తెలివిని మెచ్చుకున్నారు. ఆయన నవ్వకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డారు. నాన్న మాత్రం ఏ ఊరి చుట్టాలో ఆరా తీస్తున్నట్టు మామూలుగా అన్నాడు.

"ఇశ్రాయేలంటే మనోడేగా."

పుస్తకం మూసేసి, టైమయిందని చెప్పి లేచిపోయాను.

ఇంటికి వచ్చి మిగతా పుస్తకాలన్నీ మంచం మీద పరిచి, చివరి పేజీలు తీశాను. మొదటి పేజీతో పని లేదు. ఒకదాంట్లో దొంగ ఇశ్రాయేలు, ఇంకోదాంట్లో ఆమోసు, మరోదాంట్లో పేరు కూడా లేదు, "గూడెం మనిషి" అనేసి ఊరుకున్నారు. అన్నిటికంటే నాకు ఇష్టమైన పుస్తకం "లాకుల దగ్గర లాంతరు". అది ఎందుకు ఇష్టమంటే మా లాకుల లాంటి లాకులు అందులో ఉన్నాయి. అందులో దొంగ లస్కరు. బొమ్మలు చూద్దును కదా, అన్నిటిలోనూ ఒకటే మొహం. ప్రెస్సువాళ్ళు ఖర్చు కలిసొస్తుందని దొంగ బొమ్మకు ఒకే అచ్చు బ్లాకు చేయించి ప్రతి పుస్తకానికీ దాన్నే వాడుకున్నారు. నల్లటి మొహం, గోచీ, తలకు చుట్టిన తువ్వాలు. ఆ వేషంతో మా గూడెంలో సగంమంది మగవాళ్ళు రోజూ పనికి వెళ్ళేవారు. నాన్న కూడా అంతే.

పదేళ్ళ పిల్లనప్పుడు ఇది నాకెందుకు కనపడలేదా అని తెల్లబోయి కూర్చున్నాను. కనపడకేం, కనపడే ఉంటుంది. ఆ పుస్తకాలు చదువుతున్నంతసేపూ లాంతరు నా చేతిలోనే ఉందనుకునేదాన్ని. లాంతరు పట్టుకున్న దానికి ఎదుటివాడి మొహంతో పనేముంది? సిగ్గేసింది. మనిషిని కాదని పుస్తకాన్ని ప్రేమించినట్టు అనిపించింది. ఆ పుస్తకం తెచ్చిచ్చింది కూడా ఆ మనిషే.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళకుండా ఉందామనుకున్నాను. కానీ నాన్న ఆ చీకట్లో ఎదురుచూస్తూ ఉంటాడు. వెళ్ళి, రెండో పుస్తకం తీసి, దొంగను మార్చేశాను. ఆమోసు ఎక్కడొచ్చినా ఎత్తేసి, ఆ చోట షావుకారుగారి బామ్మర్ది వెంకటప్పయ్య అనే పెద్దమనిషిని అప్పటికప్పుడు పుట్టించాను. పట్టుపంచె కట్టించాను, చేతికి ఉంగరాలు తొడిగించాను. కట్టేసేటప్పుడు మాత్రం తడబడ్డాను. పిల్లలు అంత పెద్దమనిషిని గుంజకు కడుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

రత్తయ్యగారికి అసలు నచ్చలేదు. షావుకారు బామ్మర్దికి దొంగతనం చేసే ఖర్మేంటి, ఇదేం కథ, రాసినోడికి లోకం తెలియదు అని సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నారు. నాన్న మాత్రం ఒక్క ప్రశ్న వేశాడు.

"పుస్తకంలో అట్టాగే ఉందా, అమ్మాయ్?"

"అట్టాగే ఉంది నాన్నా."

బళ్ళో పిల్లలు ఒక అక్షరం మింగి చదివితే చెవి మెలిపెట్టే పంతులమ్మను నేను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నన్నేమీ తప్పు పట్టకముందే గొంతు తగ్గిపోయింది. ఆయనకు కట్టుండబట్టి నా మొహం చూడలేదు కదా అని ఊరటపడ్డాను. ఆ ఊరట పడ్డందుకు మళ్ళీ సిగ్గుపడ్డాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అలాగే చదివాను. షావుకారు బామ్మర్ది అన్ని ఊళ్ళలోనూ దొంగతనాలు చేశాడు.

ఇంటికి తెచ్చాక ఒక కంటికి కట్టు తీసి, ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. వెలుగూ నీడా తప్ప ఇంకా ఏమీ తెలిసేది కాదు. హాల్లో మంచం వేశాం. నేను ఆవకాయ పనిలో పడ్డాను. మామిడికాయ ముక్కలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తూ వంటింట్లో కూర్చున్నాను. హాల్లో నాన్న ఆసుపత్రిలో విన్న కథ చెబుతుంటే, మధ్యలో కరుణ గొంతు వినిపించింది.

"అమ్మ తప్పు చదివింది తాతయ్యా. షావుకారు బామ్మర్ది గోచీ పెట్టుకుంటాడా? బొమ్మలో గోచీ ఉంది. నేను మొత్తం చదివేశాను. అసలు ఆయనే లేడు."

నాన్న ఏమన్నాడో వినపడలేదు. ఆ తరువాత కరుణ చదవడం మొదలుపెట్టింది. నేను నేర్పినట్టే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, గుక్క తిప్పుకుంటూ స్పష్టంగా చదువుతోంది. "లాకుల దగ్గర లాంతరు". నేను లేచి వెళ్ళి ఆ పుస్తకం లాక్కోవచ్చు. పాలు తెమ్మని పిల్లను బయటికి పంపవచ్చు. చేతిలో మామిడిముక్కతో తేలు కుట్టిన దొంగలా అక్కడే ఉండిపోయాను.

"'నిజం చెప్పు' అని గిరి లాంతరు ఎత్తాడు. లస్కరు గడగడ వణికాడు. 'బుద్ధి గడ్డి తిన్నది బాబూ' అని గిరి కాళ్ళ మీద పడ్డాడు."

అక్కడ ఆగింది. అది ఆగవలసిన చోటు కాదు.

"లస్కరంటే నువ్వేగా తాతయ్యా," అంది, మెల్లిగా.

"నేనే. ఏం ఎత్తుకుపోయాడంట?"

"మునసబుగారి పాప గొలుసు."

మంచం కిర్రుమంది.

"ఆడికి పిల్లలున్నారా? రాశారా?"

కరుణ పేజీలు తిప్పింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. "లేదు తాతయ్యా. రాయలేదు."

"ఉండే ఉంటార్లే. సూసుండరు."

నేను ఏడవలేదు. ముక్కలు తుడుస్తూనే ఉన్నాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను.

పిల్ల మనసు కష్టపడిందని ఆయన కనిపెట్టినట్టున్నాడు. గొంతు మార్చి, మీ అమ్మా నేనూ కూడా ఈ ఆట ఆడేవాళ్ళమని చెప్పడం మొదలుపెట్టాడు. మునసబుగారి అమ్మాయి రామతులసి, ఆమె తమ్ముడు, నేను, మేం ముగ్గురం దండు. లాంతరు మాది, లాకుల దగ్గర వాడేది. దానికి నూనె పోసిచ్చేది ఆయనే. ఇదంతా నాకు గుర్తుంది. మా ఆటకు నాన్నంత పెద్దవాడు దొంగగా దొరకడం ఎంత గొప్పగా ఉండేదో గుర్తుంది. ఇంకెవరి నాన్నా పిల్లలతో ఆడేవాడు కాదు.

"కాలవ మీద తూము తలుపు ఎత్తే చక్రం ఉంటది సూడు, దాని పక్కన గుంజకి కట్టేసేవోళ్ళు నన్ను. ఒకనాడు కట్టేసినాక మునసబుగారింట్లోంచి కేకేశారు, పూర్ణాలు వండారని. అందరూ పరిగెత్తారు. మీ అమ్మా పరిగెత్తింది."

"నిన్ను విప్పకుండానా?"

"వచ్చి విప్పిందిగా. పొద్దుగూకినాక."

"నువ్వే విప్పుకోవచ్చుగా తాతయ్యా."

"పిల్లకాయలేసిన ముడి. చెయ్యి ఆడిస్తే ఊడిద్ది. నేనే విప్పుకుంటే ఇంక ఆటేముంది? మీ అమ్మ వచ్చిద్దని కూర్చున్నా. దారినపోయేవోళ్ళు నవ్వారులే," అని తనూ నవ్వాడు. అప్పటికి ఆయన నవ్వవచ్చని డాక్టరుగారు చెప్పారు.

ఆ సాయంత్రం నాకూ జ్ఞాపకమే. నా జ్ఞాపకంలో పూర్ణాలు మాత్రమే ఉన్నాయి. పెరట్లో విడిగా, ఆకులో పెట్టారు నాకు. నెయ్యి కూడా వేశారు. మునసబుగారింట్లో తిన్నానని ఎన్నాళ్ళో చెప్పుకున్నాను. తిరిగొచ్చి నాన్న చేతులు విప్పిన సంగతి నా జ్ఞాపకంలో ఎంత వెతికినా లేదు.

కరుణ చదివిన రోజు సాయంత్రమే ఆయన కంట్లో మందు చుక్కలు వేస్తూ, ఎలా మొదలుపెట్టాలో తెలియక, తప్పు చదివాను నాన్నా అన్నాను.

"తెలుసు. రత్తయ్యగారికే తెలిసిపోయింది, నాకు తెలవదా?"

ఆయనకు తెలిసింది ఇప్పుడు కాదట. ఆ రోజుల్లోనే, ఎప్పుడూ నేనే ఎందుకమ్మా దొంగను అని రామతులసిని అడిగితే, పుస్తకంలో అలాగే ఉందని చెప్పిందట. నన్ను మాత్రం అడగలేదు.

"మరి తెలిసీ ఎందుకు తెచ్చావు? ఒకటి కాదు, అన్నీ తెచ్చావు."

"నువ్వు ఆ పుస్తకాలు పట్టుకుంటే దీపం ఆర్పనిచ్చేదానివి కాదు. నీకు అచ్చరాలు రావాలి. దొంగ నేనైతే ఏంటి, ఇంకోడైతే ఏంటి? పాపకి మాత్రం ఉన్నదున్నట్టు చదువు. ఆనక నువ్వు చెప్పుకోవాల్సింది నువ్వు చెప్పుకో."

క్షమించు అనే మాట మా ఇంట్లో ప్రార్థనలోనే వాడతాం. ఒకరితో ఒకరం అనుకోవడం అలవాటు లేదు. మందు బుడ్డికి మూత పెట్టి వచ్చేశాను. చదివింది నేనే, చదువుకున్నదీ నేనే. అందులో ఏముందో ముందుగా తెలిసింది మాత్రం అక్షరం రాని ఆయనకు. అది తెలిసీ ఆ పుస్తకాలను వేపాకు వేసి దాచాడు.

జూన్‌లో కళ్ళద్దాలు వచ్చాయి. సీసా అడుగుల్లాంటి దళసరి అద్దాలు. పెట్టుకోగానే మా గోడ మీది క్యాలెండరు దగ్గరకు వెళ్ళి ఏసుప్రభువు మొహాన్ని చాలాసేపు చూశాడు. ఆ తరువాత నన్ను చూసి, చిక్కావే అన్నాడు. బ్యారేజీ నుంచి నీళ్ళు వదులుతున్నారని పేపర్లో పడింది. మర్నాడు పొద్దున బస్సుకు వెళ్ళాలని సంచి సర్దుకుని, పుస్తకాలు కరుణకే ఉంచాడు.

ఆ సాయంత్రం మేముండే క్వార్టర్స్ పిల్లలు మా వాకిట్లో చేరారు. లాంతరు దండు ఆట. కరుణ అందరికీ ఆ కథలు చెప్పేసినట్టుంది. దొంగగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందరూ వరండాలో కూర్చున్న నాన్న వైపు చూశారు. కరుణ నా వైపు చూసింది.

తాతయ్య కళ్ళకు మంచిది కాదు, దుమ్ము పడుతుంది అన్నాను. నాకు దొరికిన సాకు అది. నిజం చెప్పవలసిన చోట మళ్ళీ ఆయన కళ్ళనే అడ్డం పెట్టుకున్నాను.

"కట్టేది చేతులేగా," అని నాన్న లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి కరుణకిచ్చాడు.

కరుణ ఆలోచించింది. "తాతయ్యా, నువ్వు లస్కరువి కాదు. షావుకారుగారి బామ్మర్దివి. సరేనా?"

"అబ్బో, అంత యోగమే," అని ఆయన పంచె సవరించుకుని, వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ చాచాడు. తొమ్మిదేళ్ళ పిల్ల శ్రద్ధగా ముడి వేసింది. నేను చూడలేక లోపలికి వచ్చి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను. కేకలు, పరుగులు, నవ్వులు. ఇంతలో వీధిలో పాలైసు బండి గంట మోగింది. ఒక్కసారిగా వాకిలి ఖాళీ అయిపోయింది. కరుణ గొంతు కూడా ఆ గుంపులోనే దూరమైపోయింది.

కిటికీలోంచి చూశాను. నాన్న స్తంభం దగ్గర అలాగే కూర్చున్నాడు. కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్త అద్దాల్లోంచి వీధి వైపు చూస్తున్నాడు. తువ్వాలు ముడి ఎంత వదులుగా ఉందంటే కిటికీలోంచే తెలుస్తోంది. ఆయన చెయ్యి ఆడించలేదు.

అన్నం కుండ దించి, బయటికి వెళ్ళి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆడిస్తే ఊడిపోద్దిగా నాన్నా," అన్నాను.

"ఊడిద్ది," అన్నాడు. ఆ దళసరి అద్దాల వెనక ఆయన కళ్ళు చాలా పెద్దవిగా కనిపించాయి. నా మొహాన్ని దగ్గరగా చూశాడు. "ఈసారి పెందలాడే వచ్చావు."

తువ్వాలు పట్టుకున్నాను. చిన్నపిల్ల వేసిన ముడి. ఎంతసేపటికీ నా చేతికి రాలేదు.